అడవిని కొలుచు కొలబద్ద
(భారత అటవీ స్థితి నివేదిక, 2023 : ఒక సమీక్ష)

ఒక గ్రామము చెంత రెండు హెక్టార్ల మామిడితోట ఉన్నదనుకొందము. చెట్లు వరుసగా నాటినవి. నడుమ దున్నిన నేల, చుట్టును ముళ్ళకంచె. దానికి ఎదురుగా ఒక గుట్ట. గుట్టమీద రేగు, కలివి, బలుసు పొదలు; పొదల నడుమ గడ్డి; అక్కడక్కడ ఒక తుమ్మ, ఒక చండ్ర. గొఱ్ఱెల కాపరి మందను అక్కడికే తోలుకొనిపోవును. కుందేళ్ళు, కౌజులు, ఉడుములు అక్కడనే బ్రదుకును. ఈ రెండింటిలో అడవి ఏది అని అడిగినచో పదియేండ్ల పిల్లవాడు గుట్టనే చూపును. కాని దేశమంతటికి అడవుల లెక్క తయారుచేయు ఉపగ్రహ పటము మామిడితోటను అడవిలో చేర్చి, గుట్టను వదలివేయును.

ఇది పటము గీసినవారి పొరపాటు కాదు. వారు ముందుగానే ఒక నిర్వచనము చేసికొని, దానిని ప్రకటించి, దాని ప్రకారమే కొలిచినారు. ఆ కొలత ఫలితమే రెండేండ్ల కొకసారి వెలువడు "భారత అటవీ స్థితి నివేదిక". డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ దీనిని ప్రకటించును. ఆ సంస్థ 1981లో ఏర్పడినది. మొదటి నివేదిక 1987లో వచ్చినది. 2024 డిసెంబరులో విడుదలైన 2023 నివేదిక ఈ వరుసలో పదునెనిమిదవది.

ఈ నివేదికలోని అంకెలు పాఠ్యపుస్తకములలోనికి, పరీక్షా పత్రములలోనికి, శాసనసభల చర్చలలోనికి పోవుచున్నవి. అడవులను గూర్చి ప్రభుత్వములు చేయు నిర్ణయములకు ఇవి ఆధారములగుచున్నవి. అందుచేత దీనిని కేవలము అంకెల పుస్తకముగా గాక, ఒక కొలబద్దగా పరీక్షించుట అవసరము. అది దేనిని కొలుచుచున్నది? దేనిని వదలుచున్నది? అడవుల పాలన మారుచున్న ఈ కాలములో ఆ కొలత చాలునా?

ఆకాశమునుండి చూపు

మొదట నివేదికలోని ముఖ్యమైన లెక్క. దేశములో అడవి కప్పిన నేల 7,15,343 చదరపు కిలోమీటర్లు. అనగా దేశ విస్తీర్ణములో నూటికి 21.76 వంతులు. ఇదిగాక చిన్న చిన్న తోపులు, విడిచెట్లు కప్పిన నేల 1,12,014 చదరపు కిలోమీటర్లు. రెండును కలిసి నూటికి 25.17 వంతులు. దేశములో మూడవ వంతు నేలపై అడవి గాని చెట్లు గాని ఉండవలెనని 1988 నాటి జాతీయ అటవీ విధానము చెప్పినది. ఆ లక్ష్యము ఇంకను దూరముగనే ఉన్నది.

ఈ లెక్క ఎట్లు వచ్చినది? భూమి చుట్టు తిరుగు ఉపగ్రహము నేలనుండి పైకి వచ్చు వెలుతురును గ్రహించును. ఆకులలోని పత్రహరితము ఎఱ్ఱని కాంతిని చాలవరకు పీల్చుకొనును. ఆకు లోపలి కణముల నిర్మాణము కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని వెనుకకు త్రిప్పికొట్టును. బండకు గాని, ఎండిన మట్టికి గాని ఈ లక్షణము లేదు. ఈ రెండు కాంతుల నిష్పత్తిని బట్టి ఎక్కడ ఆకు దట్టముగా ఉన్నదో, ఎక్కడ పలుచగా ఉన్నదో తెలిసికొనవచ్చును. వానకాలము ముగిసి, చెట్లు ఆకులతో నిండియుండు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తీసిన చిత్రములను ఇందుకు ఎక్కువగా వాడుదురు.

ఈ చిత్రములో ఒక్కొక్క గడి నేలమీద 23.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల చదరము. దాని వైశాల్యము సుమారు 552 చదరపు మీటర్లు. ఒక హెక్టారులో ఇట్టి గడులు పదునెనిమిది పట్టును. హెక్టారుకు తక్కువ కాని ఏ నేలలోనైనను, పైనుండి చూచినప్పుడు నూటికి పది వంతులకు తగ్గకుండ చెట్ల కొమ్మల నీడ కప్పినచో దానిని "అడవి కప్పు" అని నివేదిక పిలుచును. నూటికి 70 వంతులు, అంతకు మించి కప్పియున్నచో మిక్కిలి దట్టమైన అడవి; 40 మొదలు 70 వరకు ఒక మోస్తరు దట్టమైనది; 10 మొదలు 40 వరకు పలుచని అడవి. పదికి లోబడినది "పొదల నేల". అది అడవి మొత్తములోనికి రాదు.

ఆ నేల ఎవరిది, అక్కడ పెరిగిన చెట్టు ఏ జాతిది, దానిని నాటినది మనిషియా, ప్రకృతియా అను ప్రశ్నలకు ఈ నిర్వచనములో చోటు లేదు. పండ్లతోటలు, వెదురు, కొబ్బరి, తాటి తోపులు అన్నియు ఇందులో చేరును. ఒక చిన్న లెక్క వేసినచో ఇది స్పష్టమగును. అయిదు మీటర్ల వ్యాసార్ధము గల మామిడిచెట్టు నీడ సుమారు 78 చదరపు మీటర్లు. హెక్టారు అనగా పదివేల చదరపు మీటర్లు. అందులో పదవ వంతు వెయ్యి. పదుమూడు మామిడిచెట్లున్న హెక్టారు నేల ఈ లెక్కలో అడవి యగును.

ఈ విధానమునకు గల గుణములను మొదట ఒప్పుకొనవలెను. దేశమంతటికి ఒకే కొలత. ఏ ఉద్యోగి యిష్టమును బట్టియు అది మారదు. చేరుటకు దారిలేని కొండలను గూడ అది చూడగలదు. చెట్ల నీడ ఎంత, అందు నిలిచిన కర్బనము ఎంత అను ప్రశ్నలకు ఇంతకన్న మంచి సాధనము దేశవ్యాప్తముగా మఱియొకటి లేదు. పైగా తన నిర్వచనమును ఈ నివేదిక దాచలేదు, స్పష్టముగా వ్రాసినది. చిక్కు అంతయు ఆ నిర్వచనమును మఱచి అంకెను మాత్రమే జ్ఞాపకముంచుకొనుటలో ఉన్నది.

రికార్డులోని అడవి

చట్టము చూచు అడవి వేరు. దాని పుట్టుక కూడ వేరు. పందొమ్మిదవ శతాబ్దములో రైలుపట్టాల క్రింది దిమ్మెలకు, ఓడలకు కలప కావలసివచ్చినప్పుడు బ్రిటిషు ప్రభుత్వము 1864లో అటవీశాఖను నెలకొల్పినది. జర్మనీ దేశీయుడైన డీట్రిచ్ బ్రాండిస్ దానికి మొదటి అధిపతి. 1865లో ఒక చట్టము, 1878లో అంతకంటె కఠినమైన మఱియొక చట్టము, చెన్నరాష్ట్రమునకు ప్రత్యేకముగా 1882లో ఒక చట్టము వచ్చినవి. ఈనాటికిని ఆధారముగా నున్న భారత అటవీ చట్టము 1927 నాటిది. ఈ చట్టముల క్రింద ప్రభుత్వము ఒక ప్రకటన చేసి, హద్దులు నిర్ణయించినచో ఆ నేల "రిజర్వు అడవి" యగును. అందు చెట్టున్నను అడవియే, లేకున్నను అడవియే.

ఆ గీత గీసినప్పుడు లోపల ఉన్న మనుష్యుల సంగతి తరువాతి మాట యైనది. పోడు వ్యవసాయము నేరమైనది. పశువుల మేత, వంటచెఱకు అనుమతికి లోబడినవి. మన్యములో 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటమునకును, నైజాము రాజ్యములో 1940లో జోడేఘాటు వద్ద ముగిసిన కొమరం భీము పోరాటమునకును అడవి నిబంధనలపై గిరిజనులకు గల ఆవేదన ఒక ముఖ్యకారణము.

ఈ విధముగా రికార్డులలో అడవిగా నమోదైన నేల దేశములో సుమారు 7,75,000 చదరపు కిలోమీటర్లు. పైనుండి చూచినప్పుడు అడవి కప్పిన నేల సుమారు 7,15,000. ఈ రెండు అంకెలు దగ్గఱగా నుండుట చూచి రెండును ఒకే నేలను గూర్చినవని విద్యార్థులు భ్రమపడవచ్చును. కాని 2023 నివేదిక ప్రకారము రికార్డు అడవి లోపల చెట్ల కప్పు సుమారు 5,20,000 చదరపు కిలోమీటర్లే. మిగిలిన సుమారు 1,95,000 రికార్డు అడవికి వెలుపల ఉన్నది. అనగా చట్టము అడవి యన్న నేలలో మూడవ వంతున నివేదిక లెక్కకు వచ్చునంత చెట్టునీడ లేదు. నివేదిక అడవి యన్న నేలలో నాల్గవ వంతుకు పైగా చట్టపు హద్దులలో లేదు. నల్లబల్లమీద రెండు వృత్తములను కొంతవరకు ఒకదానిపై నొకటి పడునట్లు గీసినచో ఈ స్థితి చక్కగా బోధపడును.

హెచ్చులు, తగ్గులు

వృత్తపత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చునది విస్తీర్ణము కాదు, హెచ్చుదల. 2021 తరువాత అడవి కప్పు 156 చదరపు కిలోమీటర్లు పెరిగినదని ఈ నివేదిక చెప్పుచున్నది. దీనిని మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును.

మొదటి ప్రశ్న: ఈ పెరుగుదల కొలతకు అందునంతటిదా? 7,15,343లో 156 అనగా నూటికి 0.02 వంతు. తాటియాకుతో వందగజముల నేలను కొలిచి, అందు అంగుళములో భిన్నము పెరిగినదనుట వంటిది. ఇంత పెద్ద పటములో గడులను గుర్తించుటలో కలుగు చిన్న తప్పుల మొత్తమే ఇంతకు మించవచ్చును. 2021 నివేదికలో అచ్చయిన విస్తీర్ణము 7,13,789. దానిని క్రొత్త అంకెనుండి తీసివేసినచో 1,554 వచ్చును గాని 156 రాదు. పాత లెక్కను సవరించి, సవరించిన దానితో పోల్చినందువలన ఈ భేదము వచ్చినది. సవరించుట తప్పు కాదు. శాస్త్రములో అది మంచి అలవాటే. కాని రెండు నివేదికలను ప్రక్కప్రక్కన పెట్టి తీసివేత చేయు విద్యార్థికి ఈ సంగతి ముందుగా తెలియవలెను.

రెండవ ప్రశ్న: కొలబద్ద మారలేదా? 1987 నివేదికకు వాడిన చిత్రములలో గడి పొడవు 80 మీటర్లు; నాలుగువందల హెక్టార్లకు తక్కువైన అడవి ఆ పటములో కనబడలేదు. 1999లో అడవి 6,37,293 చదరపు కిలోమీటర్లు; 2001లో 6,75,538. రెండేండ్లలో 38,245 చదరపు కిలోమీటర్ల అడవి మొలచినదా? లేదు. 2001లో దేశమంతటి చిత్రములను కంప్యూటరు సాయముతో పరిశీలించి, 25 హెక్టార్లకు బదులు ఒక హెక్టారు తోపులను గూడ లెక్కించినారు. కన్ను పదునెక్కినది, అడవి అంతగా పెరుగలేదు. నలుబది యేండ్ల అంకెలను ఒకే గీతగా గీసి, "అడవులు నిరంతరము పెరుగుచున్నవి" అని చెప్పు పటములలోని లోపమిదియే.

మూడవ ప్రశ్న: పెరిగినది ఎక్కడ? 156లో సుమారు 149 చదరపు కిలోమీటర్లు రికార్డు అడవికి వెలుపలనే. లోపల పెరిగినది ఏడు మాత్రమే. వెలుపల నున్నవి చాలవరకు తోటలు, తోపులు. 2021 నివేదికలో దేశములో అందఱికంటె హెచ్చుగా అడవి పెరిగిన రాష్ట్రములు ఆంధ్రప్రదేశ్ (647 చదరపు కిలోమీటర్లు), తెలంగాణ (632). ఈ రాష్ట్రములలో కాగితపు మిల్లుల కొఱకు రైతులు జామాయిలు, సుబాబులు, సరుగుడు తోటలను విరివిగా పెంచుదురు. అవి నాలుగైదేండ్లలో కోతకు వచ్చును. నిలిచియున్నంతవఱకు పటములో అడవి. కోసిన మఱునాడు అడవి నష్టము. రైతు దృష్టిలో రెండును ఒక పంట నడచు తీరు మాత్రమే.

ఇందుకు తోడు, హెచ్చును తగ్గును కలిపి నికరపు అంకె చెప్పుట వలన మఱియొక చిక్కు వచ్చును. కొండమీద నూరేండ్ల అడవి వంద హెక్టార్లు పోయి, మైదానములో జామాయిలు తోట వంద హెక్టార్లు పెరిగినచో నికరము సున్న. మొదటిదానిలో గల వందల రకముల మొక్కలు, పురుగులు, పక్షులు, వాననీటిని నిలుపుకొను నేల రెండవదానిలో లేవు. ఏ తరగతి నేల ఏ తరగతికి మారినదో చూపు పట్టికలు ఈ నివేదికలో ఉన్నవి. విజ్ఞతతో చదువువారికి అవియే ఇందులో విలువైన పుటలు. కాని అవి లోపలనుండిపోయి, నికరపు అంకె ముందుకు వచ్చినది.

కలివికోడి ఇల్లు

పదివంతుల నీడ లేని నేలకు విలువ లేదా? దీనికి సమాధానము తెలుగునేలపైననే దొరకును. కలివికోడి యను పక్షి ప్రపంచములో తూర్పుకనుమల పరిసరములలో మాత్రమే కనబడినది. శాస్త్రజ్ఞులు దీనిని పందొమ్మిదవ శతాబ్దపు నడుమ గుర్తించిరి. 1900 తరువాత ఎవరికిని కనబడనందున అంతరించినదని తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లాలో అది మరల దొరకినది. దాని కొఱకు లంకమల అభయారణ్యము ఏర్పడినది. ఈ పక్షి దట్టమైన అడవిలో ఉండదు. ముళ్ళపొదలు, వాటి నడుమ ఖాళీనేల కలిసియున్న చోట, రాత్రివేళ తిరుగుచు పురుగులను తినును. పొదలన్నియు పోయినను అది బ్రదుకదు. పొదల స్థానమున చెట్లు దట్టముగా పెరిగినను బ్రదుకదు.

అట్టి నేల నివేదికలో "పొదల నేల" యను పేరుతో అడవి మొత్తమునకు వెలుపల మిగులును. దానిని దున్ని, చెట్లు నాటినచో పటములో అడవి పెరుగును. పక్షికి ఇల్లు పోవును. ఇది ఊహామాత్రమని త్రోసివేయరాదు. గనికి గాని, ఆనకట్టకు గాని అడవిని తీసికొన్నప్పుడు మఱియొకచోట చెట్లు నాటవలెనని నియమము కలదు. అందుకై వసూలైన ధనమునకు 2016లో ఒక ప్రత్యేక చట్టము చేసినారు. 2019లో కేంద్రము ఆ నిధినుండి రాష్ట్రములకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా బదిలీ చేసినది. ఇంత ధనముతో మొక్కలు నాటుటకు ఖాళీనేల కావలెను. పటములో ఖాళీగా కనబడునవి గడ్డినేలలు, పొదలనేలలు, పశువుల కంచలు. కొలబద్దలోని లోపము ఇట్లు నేలమీదికి దిగును.

ఎవరి మాట చెల్లును?

అడవి పాలనలో అసలైన మార్పు కొలతలో గాక అధికారములో వచ్చినది. దీనిని నాలుగు మెట్లుగా చెప్పవచ్చును.

మొదటి మెట్టు రాష్ట్రమునుండి కేంద్రమునకు. 1976లో రాజ్యాంగపు 42వ సవరణచేత అడవులు రాష్ట్రముల పట్టికనుండి ఉమ్మడి పట్టికలోనికి వచ్చినవి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము, కేంద్రము ముందుగా ఒప్పుకొననిదే అడవినేలను ఇతర పనులకు వాడరాదని కట్టడి చేసినది. రెండవ మెట్టు న్యాయస్థానమునకు. గోదావర్మన్ వ్యాజ్యములో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు "అడవి" అను మాటకు నిఘంటువులోని అర్థమే తీసికొనవలెనని, నేల ఎవరిదైనను అది వర్తించునని చెప్పినది. మూడవ మెట్టు గ్రామమునకు. 1988 విధానము స్థానికుల అవసరములు ముందు, రాబడి తరువాత అని చెప్పినది. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి వన సంరక్షణ సమితులు ఏర్పడినవి. కాని సమితికి పని యున్నది గాని హక్కు లేదు. ఆ హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఇచ్చినది. గిరిజనులకు, తరతరములుగా అడవిపై ఆధారపడిన ఇతరులకు చారిత్రకముగా అన్యాయము జరిగినదని ఆ చట్టపు పీఠికయే ఒప్పుకొన్నది. సాగునేలపై హక్కుతోబాటు, ఊరి ఉమ్మడి అడవిని కాపాడి నడుపుకొను అధికారమును గ్రామసభకు ఇచ్చినది.

దీని ఫలితము రెండు చోట్ల స్పష్టముగా కనబడినది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాలోని మేండా-లేఖ గ్రామము సుమారు 1,800 హెక్టార్ల అడవిపై ఉమ్మడి హక్కును 2009లో పొంది, 2011లో తన వెదురును తానే అమ్ముకొన్నది. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైటు గని త్రవ్వవచ్చునా అను ప్రశ్నను 2013 ఏప్రిలు 18న సుప్రీంకోర్టు గ్రామసభల ముందు పెట్టినది. పండ్రెండు గ్రామసభలు కూడినవి, పండ్రెండును వద్దన్నవి. డోంగ్రియా కోందులు ఆ కొండను తమ దేవుని నివాసముగా భావింతురు. అట్టి విలువను లెక్కించు గడి ఏ ఉపగ్రహ చిత్రములోను లేదు. చట్టము మాత్రము దానికి చోటిచ్చినది.

నాల్గవ మెట్టు ఇప్పటిది. 2023లో 1980 చట్టమును సవరించినారు. 2023 డిసెంబరు 1 నుండి అది అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము చట్టముచేత ప్రకటితమైన అడవియు, 1980 అక్టోబరు 25 నాటినుండి ప్రభుత్వ రికార్డులలో అడవిగా నమోదైన నేలయు మాత్రమే చట్టపు పరిధిలోనికి వచ్చును. అంతర్జాతీయ సరిహద్దునుండి నూరు కిలోమీటర్ల లోపున దేశరక్షణకు కావలసిన రహదారుల వంటి పనులకు మినహాయింపు ఇచ్చినారు. స్పష్టత కొఱకు, అభివృద్ధి పనుల వేగము కొఱకు ఇది అవసరమని ప్రభుత్వము చెప్పినది. రికార్డుకెక్కని అడవులకు రక్షణ పోవునని విమర్శకులు చెప్పిరి. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వులో, రికార్డులు సిద్ధమగు వఱకు 1996 నాటి అర్థమునే పాటింపవలెనని ఆజ్ఞాపించినది.

ఈ వివాదము ఎంత దగ్గఱిదో హైదరాబాదులోని కంచ గచ్చిబౌలి చూపినది. తెలంగాణ మాటలో కంచ అనగా పశువుల మేతకు విడిచిన నేల. అచ్చటి నాలుగువందల యెకరములు రికార్డులలో అడవి కాదని ఒక పక్షము, చెట్లు, జంతువులు, చెఱువులు ఉన్నందున అడవియేనని మఱియొక పక్షము వాదించినవి. 2025 ఏప్రిలు 3న సుప్రీంకోర్టు చెట్ల నరకుటను ఆపివేయుమన్నది. ఒక మాటకు గల అర్థముపై ఒక నేల భవిష్యత్తు ఆధారపడినది.

నివేదికకు కావలసినవి

అటవీ పాలన ఇట్లు మారుచుండగా, నివేదిక ఇంకను చెట్ల నీడ ఎంత అను ఒక్క ప్రశ్నకే ముఖ్యముగా సమాధానము చెప్పుచున్నది. పట్టికలలో జిల్లా ఉన్నది. చట్టము అధికారమిచ్చిన గ్రామసభ లేదు. గ్రామసభ చేతిలో నున్న అడవి పెరిగినదా, తరిగినదా అని తెలిసికొన గోరువారికి ఈ పట్టికలు తోడ్పడవు. ఆ హక్కు మంచిదని వాదించువారికిని, చెడ్డదని వాదించువారికిని కావలసిన సాక్ష్యము అదియే గదా! సాక్ష్యము లేనిచోట వాదము మాత్రమే మిగులును.

మూడు మార్పులు ఈ కొలబద్దకు మేలు చేయును. సహజమైన అడవిని, నాటిన తోటను, పండ్లతోటను వేఱువేఱు వరుసలలో చూపవలెను. గడ్డినేలలను, పొదలనేలలను వాటి స్వంత లక్షణములను బట్టి అంచనా వేయవలెను. చెట్లు లేని అడవిగా కాదు. ఉమ్మడి హక్కు పొందిన గ్రామముల హద్దులను పటములో గుర్తించి, అచ్చటి మార్పును విడిగా ప్రకటింపవలెను. ఇందుకు క్రొత్త ఉపగ్రహము అక్కఱలేదు; ఉన్న పటముపై మఱికొన్ని గీతలు చాలును. ఈ లోపములున్నను, నివేదిక ప్రతి ఉన్నత పాఠశాల గ్రంథాలయములోను ఉండదగినదే. అయితే దానిని మొదటి పుటలోని అంకెతో గాక, నిర్వచనముతో మొదలుపెట్టి చదువవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతి గదికి వెలుపల గూడ నేర్పవచ్చును. ఊరికి దగ్గఱనున్న గుట్టమీద గాని, తోపులో గాని పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల చదరమును త్రాటితో గుర్తింపవలెను. మీటరు కొక చోటున, మొత్తము నూరుచోట్ల విద్యార్థి నిలిచి, కాగితపు గొట్టముగుండ నిట్టనిలువుగా పైకి చూడవలెను. ఆకు కనబడినచో ఒక గుర్తు; ఆకాశము కనబడినచో వేఱొక గుర్తు. నూటిలో ఆకు గుర్తులెన్నియో అదియే ఆ చోటి నీడ శాతము. ఇట్లు నాలుగైదు చోట్ల చేసి సగటు తీయవలెను. తరువాత అదే నేల ప్రభుత్వ రికార్డులో ఏ పేరుతో నున్నదో గ్రామ కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను. చివరకు ఊరి పెద్దలను, పశువుల కాపరులను ఆ నేలను ఏమని పిలుతురో, అందు ఏమేమి దొరకునో అడుగవలెను. ఈ మూడు సమాధానములను మూడు వరుసలలో వ్రాసికొన్నచో, చాలచోట్ల అవి ఒకదానితో నొకటి సరిపోవు. ఎక్కడ సరిపోలేదో, ఎందుకు సరిపోలేదో విద్యార్థులచేతనే చెప్పించినచో, అటవీ పాలనలోని చిక్కు వారికి తమ ఊరి గుట్టమీదనే తెలియును.